నాలుగంగుళాల ఎత్తు, నలభై చిక్కులు

పాత జిప్సీలు, జీపుల ముందు ఇరుసునూ కమాన్లనూ మార్చి కొండలెక్కించడం చూడ్డానికి సులువు. లెక్క తప్పితే ప్రాణం మీదికి వస్తుంది. చట్టం మాత్రం మంచి పనికీ చెత్త పనికీ తేడా చూడదు

హైదరాబాద్ శివార్లలో ఒక రేకుల షెడ్డు. అందులో ఓ మారుతి జిప్సీ ముందు చక్రాల్లేకుండా స్టాండ్ల మీద నిలబడి ఉంది. ఒకప్పుడు సైన్యంలో పనిచేసిన బండి. వేలంలో చేతులు మారి, ఆకుపచ్చ రంగు మీద ఇంకో ఆకుపచ్చ రంగు పూయించుకుని, ఇప్పుడో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఇంటికి చేరింది. ఆయన కోరిక చిన్నదే. ఆదివారాలు వికారాబాద్ అడవి దారుల్లో కింద బండలు తగలకుండా వెళ్లాలి. నాలుగంగుళాలు లేపితే చాలనుకుని వచ్చారు. రెండు రోజుల పని అనుకున్నది మూడో వారంలో పడింది. బండి ఇంకా నేల మీదికి దిగలేదు.

జాప్యానికి మెకానిక్ సిగ్గుపడటం లేదు. రెండు రోజుల్లో లేపి ఇచ్చేవాళ్లు ఊళ్లో చాలామంది ఉన్నారని, వాళ్లు లేపిన బండ్లే తర్వాత తన దగ్గరికి వస్తాయని ఆయన ధీమా. పేరు రాయడానికి మాత్రం ఒప్పుకోలేదు. ఫొటో సంగతి ఎత్తితేనే షట్టరు వైపు చూశారు. ఆయన భయానికి కారణం ఉంది. ఈ పని ఎంత శ్రద్ధగా చేసినా, ఎంత అడ్డగోలుగా చేసినా చట్టం దృష్టిలో రెండూ ఒకటే.

విచిత్రమేమిటంటే, జీపు అనే బండి పుట్టుకే ఒక ఇరుసు మార్పు. 1940 వేసవిలో అమెరికా సైన్యం నాలుగు చక్రాలూ లాగే తేలికపాటి బండి కావాలంది. నమూనాకు ఇచ్చిన గడువు 49 రోజులు. బాంటమ్ అనే చిన్న కంపెనీ కోసం కార్ల్ ప్రోబ్‌స్ట్ అనే ఇంజనీరు దాని రూపం గీశారు. ముందు చక్రాలు పక్కకు తిరగాలి, అదే సమయంలో ఇంజను శక్తిని అందుకుని లాగాలి. అలాంటి ఇరుసును మొదటి నుంచీ తయారు చేసుకునే వ్యవధి లేదు. చివరికి స్పైసర్ కంపెనీ స్టూడీబేకర్ ఛాంపియన్ అనే మామూలు కారు ఇరుసును సవరించి ఇచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరు 23న నమూనా బండి సైన్యం చేతికి అందింది. తర్వాత విల్లీస్, ఫోర్డ్ లక్షల్లో తయారు చేశాయి. 1947లో మహీంద్రా ముంబైలో విల్లీస్ జీపుల కూర్పు మొదలుపెట్టింది. మన దేశంలో మూడు తరాల మెకానిక్కులు పని నేర్చుకున్నది ఆ ఇరుసు కిందే.

ఆ ఇరుసులో గొప్పతనం దాని మొరటుతనమే. ఈ చివర చక్రం నుంచి ఆ చివర చక్రం దాకా ఒకే ఉక్కు గొట్టం, దాని మధ్యలో క్రౌన్, పినియన్ పళ్ల చక్రాలు తిరిగే గుండ్రటి డిఫరెన్షియల్. ఎడమ చక్రం బండ ఎక్కితే గొట్టమంతా త్రాసులా వాలి, కుడి చక్రాన్ని నేలకు అదుముతుంది. గుంతల దారిలో కావాల్సింది అదే. నేలను తాకని చక్రం గాల్లో తిరగడం తప్ప బండిని లాగలేదు. కార్లలో ఉండే స్వతంత్ర సస్పెన్షన్‌లో ఒక్కో చక్రం విడివిడిగా కదులుతుంది. హైవే మీద అది హాయి. స్టీరింగ్ చెప్పినట్టు వింటుంది, కుదుపు తక్కువ. కానీ చక్రం కిందికి దిగే దూరం పరిమితం. అందుకే జిప్సీకి 1985 నుంచి 2019లో అమ్మకాలు ఆగేదాకా ముందూ వెనకా గట్టి ఇరుసులే ఉన్నాయి, వాటికి కమాన్ కట్టలే ఉన్నాయి. 2023లో మన దేశంలో అడుగుపెట్టిన జిమ్నీకి కమాన్ల స్థానంలో కాయిల్ స్ప్రింగులు వచ్చాయి గానీ, ఇరుసు మాత్రం రెండు వైపులా గట్టిదే.

ఇక ఎత్తు విషయం. జిప్సీలో కమాన్ కట్టలు ఇరుసు గొట్టం కింది నుంచి పోతాయి. పాత మెకానిక్ చిట్కా ఏమిటంటే, యూ బోల్టులు విప్పి, కమాను కూర్చునే ఉక్కు దిమ్మెలను గొట్టం పైభాగాన వెల్డింగ్ చేసి, కమాన్లను ఇరుసు మీదికి ఎక్కించడం. గొట్టం మందం, కమాను మందం కలిసి నాలుగైదు అంగుళాల ఎత్తు వచ్చేస్తుంది. కొత్త స్ప్రింగులు కొనక్కర్లేదు. ఉన్న కమాన్ల మెత్తదనమూ పోదు. ఖర్చల్లా దిమ్మెలు, వెల్డింగ్ కడ్డీలు, కూలి. ఈ చౌకదనమే చాలామందిని ఊరిస్తుంది.

ఇక్కడో అపోహ తీర్చాలి. కమాన్లు పైకెక్కితే లేచేది బండి తొట్టి, ఇంజను, ఛాసిస్. ఇరుసు లేవదు. బండలకు ముందుగా తగిలే డిఫరెన్షియల్ ఎక్కడ ఉందో అక్కడే ఉంటుంది. దాన్ని లేపగలిగేది పెద్ద టైరు ఒక్కటే. అదీ సగమే. జిప్సీకి కంపెనీ టైరు సుమారు 26 అంగుళాల ఎత్తు. దాని బదులు 31 అంగుళాల టైరు వేస్తే ఇరుసుకు దక్కేది రెండున్నర అంగుళాలు. మరి తొట్టిని నాలుగంగుళాలు లేపడం దేనికి? ఆ పెద్ద టైరు మడ్‌గార్డులో పట్టడానికి. అంటే కొండ దారికి నిజంగా ఉపయోగపడేది టైరు. మిగతాదంతా దానికి చోటు చేసే ఏర్పాటు. ఈ లెక్క ముందే చెబితే సగం మంది రెండంగుళాలతో సరిపెట్టుకుంటారని ఆ మెకానిక్ అన్నారు. వచ్చినవాళ్లు మాత్రం లెక్క అడగరట, పక్కవాడి బండి కన్నా తమది ఎత్తుగా ఉంటుందా అని అడుగుతారట.

పెద్ద టైరు ఊరికే రాదు. 26 నుంచి 31కి మారితే చక్రం ఒక చుట్టుకు దాదాపు అయిదో వంతు ఎక్కువ దూరం పోతుంది. స్పీడోమీటరు 50 చూపిస్తుంటే బండి 60కి దగ్గర్లో ఉంటుంది. ఇంజను మీద బరువు పెరిగి ఎత్తులో ఆయాసపడుతుంది. ఆ ఆయాసం తీర్చాలంటే క్రౌన్, పినియన్ మార్చాలి. ముందు ఇరుసులో ఒక నిష్పత్తి, వెనక ఇంకో నిష్పత్తి ఉంటే నాలుగు చక్రాలూ కలిపి నడిపినప్పుడు గేర్లు ఒకదాన్నొకటి పీక్కుంటాయి. కాబట్టి రెండు చోట్లా మార్చాల్సిందే. ముందు ఇరుసు చివర గుండ్రటి నకిల్ లోపల చక్రం తిరుగుతూనే శక్తి అందుకోవడానికి బంతుల కీలు ఉంటుంది. బరువైన టైరు బండల మధ్య ఇరుక్కున్నప్పుడు, స్టీరింగ్ పూర్తిగా తిప్పి యాక్సిలరేటర్ తొక్కితే మొదట విరిగేది ఆ కీలే.

ఇవన్నీ బండిని ఆపే చిక్కులు. మనిషిని చంపే చిక్కులు వేరే ఉన్నాయి. జిప్సీ స్టాండ్ల మీద మూడు వారాలుగా ఉన్నది వాటివల్లే.

మొదటిది స్టీరింగ్. ఛాసిస్‌కి బిగించిన స్టీరింగ్ పెట్టె నాలుగంగుళాలు పైకి పోయింది. చక్రాలను తిప్పే కడ్డీ ఇరుసు దగ్గర కిందే ఉండిపోయింది. రెంటినీ కలిపే కడ్డీ ఇంతకు ముందు దాదాపు అడ్డంగా ఉండేది, ఇప్పుడు ఏటవాలైంది. ఫలితం, చక్రం గుంతలో దిగి లేచిన ప్రతిసారీ ఆ కడ్డీ తనంతట తానే స్టీరింగ్‌ను కాస్త లాగుతుంది. డ్రైవరు చేతులు కదపకపోయినా బండి పక్కకు జరుగుతుంది. దీనికి చౌక విరుగుడు ఒకటి ఉంది. కడ్డీని రెండు చోట్ల మెలిపెట్టి వంచి, ఏటవాలు తగ్గించడం. తిన్నని కడ్డీ బలం వంచిన కడ్డీకి ఉండదు, పెద్ద టైరు అడ్డం తిరిగినప్పుడు అది స్ప్రింగులా సాగి ముడుచుకుంటుంది. అసలైన విరుగుడు నకిల్ మీదికి ఎత్తయిన చేతులు అమర్చి, కడ్డీలన్నిటినీ కమాన్లకు పైగా తీసుకెళ్లడం. మొదటిది గంటల పని. రెండోది లేత్ మెషీన్, కొలతలు, డబ్బు కలిసిన పని.

రెండోది ఇంకా సూక్ష్మం. చక్రం దేని మీద పక్కకు తిరుగుతుందో ఆ కింగ్‌పిన్ నిటారుగా ఉండదు. పైకొస కొద్దిగా వెనక్కి వాలి ఉంటుంది. విల్లీస్ జీపులో ఆ వాలు మూడు డిగ్రీలు. సైకిల్ ముందు ఫోర్కు వాలులాంటిదే ఇది. మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతట అది తిన్నగా కావడానికి కారణం ఆ వాలే. బండి లేచాక, గేర్‌బాక్సు నుంచి ముందుకు వచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ నిటారుగా దిగి కీళ్లు కొట్టుకుంటాయి. అందుకని కొందరు వెల్డింగ్ చేసేటప్పుడే ఇరుసును తిప్పి, పినియన్ ముక్కును పైకెత్తుతారు. షాఫ్ట్ సుఖపడుతుంది. కానీ పినియనూ కింగ్‌పినూ ఒకే గొట్టానికి అంటుకుని ఉన్నాయి. ముక్కు ఎంత లేస్తే కింగ్‌పిన్ పైకొస అంత ముందుకొస్తుంది. మూడు డిగ్రీలు సున్నా అవుతాయి. ఊళ్లో నడిపినన్నాళ్లు తెలియదు. యాభై, అరవై వేగంలో ఒక చక్రం చిన్న గుంతలో పడగానే ముందు భాగమంతా పూనకం వచ్చినట్టు ఊగిపోతుంది. స్టీరింగ్ చేతుల్లో నిలవదు. వేగం పూర్తిగా తగ్గేదాకా ఆ ఊపు ఆగదు. అమెరికా జీపు డ్రైవర్లు దీనికి మృత్యువు పేరే పెట్టారు. బుష్‌లు అరిగినా, కింగ్‌పిన్ బేరింగులు వదులైనా ఇదే పూనకం వస్తుంది. చాలామంది స్టీరింగ్‌కి ఒక డ్యాంపరు బిగించి రోగం కుదిరిందనుకుంటారు. అది నొప్పి మాత్ర మాత్రమే.

దీనికి మన మెకానిక్ మార్గం ఇరుసు చివరల వెల్డింగును గ్రైండర్‌తో కోసి, నకిల్ గోళాలను విడిగా తిప్పి, మళ్లీ అతకడం. అప్పుడు పినియన్ దాని కోణంలో, కింగ్‌పిన్ దాని కోణంలో ఉంటాయి. రెండు వైపులా ఒకే కోణం రావాలి. ఆయన చేతిలో వడ్రంగి రసమట్టం ఒకటి, కోణాలు చూపే సెల్‌ఫోన్ ఒకటి. కొలిచిన ప్రతి అంకెనూ గోడ మీద సుద్దతో రాస్తున్నారు. ఎడమ పక్క ఒక డిగ్రీ తేడా వచ్చిందని రెండో వారమంతా దానికే పోయింది. పెద్ద వర్క్‌షాపుల్లో ఇలాంటి పనికి బిగింపు చట్రాలు ఉంటాయి. ఇక్కడ రెండు గడ్డర్లు, నాలుగు క్లాంపులు ఉన్నాయి.

మూడోది చెప్పుకోవడానికి చాలా చిన్న వస్తువు: బ్రేకు గొట్టం. ఛాసిస్ నుంచి చక్రానికి వెళ్లే రబ్బరు గొట్టం కంపెనీ ఇచ్చిన ఎత్తుకు సరిపోయే పొడవే ఉంటుంది. బండి లేచాక మామూలుగా నిలబడినప్పుడు చాలినట్టే కనిపిస్తుంది. ఒక చక్రం గోతిలోకి పూర్తిగా వేలాడినప్పుడు బిగుసుకుని, బరువంతా తనే మోస్తుంది. అది తెగేది కూడా సరిగ్గా బ్రేకు కావాల్సిన చోటే. గొట్టం పొడుగ్గా వేయడానికి అయ్యే ఖర్చు మొత్తం పనిలో లెక్కలోకి రాదు. అయినా మరిచిపోయేది దాన్నే. అలాగే షాక్ అబ్జార్బర్ల పొడవు, ఇరుసు పైకొచ్చి ఇంజను కింది భాగాన్ని కొట్టకుండా ఆపే రబ్బరు దిమ్మెలు. కమాన్లు ఇరుసు పైకెక్కాయి కాబట్టి గట్టిగా లాగినప్పుడు అవి పాములా మెలిపడతాయి. దానికో ఆపుడు కడ్డీ కావాలి. నాలుగంగుళాల కోరిక ఇంత దూరం వస్తుంది.

కొత్త బండ్ల యజమానులకు ఇంకో రకం ప్రలోభం. 2010లో వచ్చిన మహీంద్రా థార్ పెద్ద మోడల్‌కు వెనక కమాన్లు ఉన్నా, ముందు మాత్రం టోర్షన్ బార్‌తో పనిచేసే స్వతంత్ర సస్పెన్షన్. మెలిపడే ఉక్కు కడ్డీయే అందులో స్ప్రింగు. దాని చివరి బోల్టును నాలుగు చుట్లు బిగిస్తే ముందు భాగం లేస్తుంది, పైసా ఖర్చు లేదు. కానీ అలా లేపిన ఎత్తు చక్రం కిందికి దిగే దూరంలోంచి దొంగిలించిందే. చక్రం ముందే చివరిదాకా వేలాడి ఉంటుంది. గుంత వస్తే దిగడానికి చోటుండదు. ఇరుసు షాఫ్టుల రబ్బరు తొడుగులు కోణం చాలక చిరుగుతాయి, బురద లోపలికి పోతుంది. 2020 థార్‌లో ముందు కాయిల్ స్ప్రింగులు వచ్చాయి. ఇప్పుడు బోల్టుకు బదులు స్ప్రింగు మీద పెట్టే బిళ్లలు అమ్ముతున్నారు. ఫలితంలో పెద్ద తేడా లేదు. ఇక గట్టి పట్టుదల ఉన్నవాళ్లు ఆ స్వతంత్ర సస్పెన్షన్ మొత్తం కోసేసి, గట్టి ఇరుసు ఎక్కిస్తారు. బాగా చేస్తే అడవిలో బండికి తిరుగుండదు. హైవేలో కంపెనీ ఇచ్చిన నిలకడ మాత్రం ఆ రోజుతో పోతుంది.

ఇదంతా డబ్బున్నవాళ్ల ఆదివారపు సరదా అని కొట్టిపారేయవచ్చు. కొంతవరకు నిజం. కానీ ఇలాంటి మార్పులు సరదాతో మొదలైనవి కావు. విశాఖ మన్యంలో సంతకు జనాన్ని మోసిన కమాండర్ జీపులు గుర్తున్నవాళ్లకు తెలుసు. లోపల పట్టనివాళ్లు వెనక వేలాడేవారు, మూటలు పైన. ఆ బరువుకు కమాన్ కట్టలో అదనంగా ఒకటో రెండో పట్టీలు వేయించడం మామూలు. ఇడుక్కిలో సూర్యనెల్లి నుంచి కొలుక్కుమలై తేయాకు తోటలకు వెళ్లే రాళ్ల దారిలో జీపు డ్రైవర్ల బతుకంతా ఆ కమాన్లు, ఇరుసుల మీదే. డార్జిలింగ్ దగ్గర మానేభంజాంగ్ నుంచి 3,636 మీటర్ల ఎత్తున్న సందక్‌ఫూకు 1950ల నాటి లాండ్ రోవర్లు దశాబ్దాల తరబడి నడిచాయంటే, అక్కడి మెకానిక్కులు దొరికిన భాగాన్ని దొరికినట్టు అతికించుకోగలిగారు కాబట్టే. హర్యానా, పంజాబ్ సరిహద్దులోని మండీ డబ్వాలీకి పాత సైనిక జీపుల భాగాలతో కొత్త జీపులు కట్టడమే పేరు తెచ్చింది. అవసరం, హంగు, వ్యాపారం మూడూ ఒకే షెడ్డులో పెరిగాయి.

వీటన్నిటి మీదా 2019లో రెండు దెబ్బలు పడ్డాయి. జనవరిలో సుప్రీంకోర్టు, కేరళ రవాణా అధికారులు తెచ్చిన కేసులో, తయారీదారు ఇచ్చిన మూల వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదని తేల్చింది. అప్పటిదాకా కాస్త వెసులుబాటు ఇచ్చిన హైకోర్టు తీర్పును పక్కన పెట్టింది. అదే ఏడాది సవరించిన మోటారు వాహనాల చట్టంలో 182ఏ సెక్షను చేరింది. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఆ ‘ఒక్కో మార్పుకు’ అన్న మాట దగ్గర జిప్సీ యజమాని వేళ్లు మడుస్తూ లెక్క మొదలుపెట్టారు. ఇరుసు, కమాన్లు, స్టీరింగు, టైర్లు... చిటికెన వేలు దగ్గర ఆపేశారు.

చట్టం ‘మార్పు’కు ఇచ్చే నిర్వచనం, వాహనం మౌలిక లక్షణం మారేలా దాని నిర్మాణంలో చేసే మార్పు అని. అరిగిన బుష్, కారిపోయిన షాక్ అబ్జార్బర్ తీసి అలాంటిదే కొత్తది వేస్తే ఇబ్బంది లేదు. ఇరుసు పైకి కమాన్లు ఎక్కిస్తే ఉంది. కోర్టు ఆందోళనను తప్పుపట్టలేం. బండి రోడ్డు మీద తిరిగేది యజమాని కోసం మాత్రమే కాదు, ఎదురుగా వచ్చే స్కూటరు కోసం కూడా. ఎత్తయిన బండికి బరువు పైకి పోతుంది, మలుపులో బోల్తాపడే ముప్పు పెరుగుతుంది. దాని బంపరు కారు బంపరును కాకుండా అద్దాన్ని తాకుతుంది. చెప్పకుండా మార్పులు చేసిన బండికి ప్రమాదం జరిగితే బీమా కంపెనీ చెయ్యెత్తేయడానికి అంతకు మించిన సాకు అక్కర్లేదు.

నా అభ్యంతరం నిషేధం గురించి కాదు, దాని గుడ్డితనం గురించి. జర్మనీలో ఇలాంటి మార్పు చేయిస్తే తనిఖీ సంస్థ ఇంజనీరు బండిని చూసి, కొలిచి, సరే అనుకుంటే కాగితాల్లో రాస్తాడు. ఆస్ట్రేలియాలో చిన్నపాటి ఎత్తుకు ఒక హద్దు ఉంది. అది దాటితే గుర్తింపు పొందిన ఇంజనీరు సర్టిఫికెట్ కావాలి. మన దగ్గర సీఎన్‌జీ కిట్‌కు అలాంటి ఆమోద పద్ధతి ఉంది, కొండ దారి ఇరుసుకు లేదు. దాంతో కింగ్‌పిన్ వాలు కొలిచే మెకానిక్, కడ్డీ వంచి పంపే మెకానిక్ ఇద్దరూ ఒకే షట్టరు వెనక దాక్కుంటున్నారు. వెల్డింగ్ ఎవరు చేశారో, ఎలా చేశారో చూసే కన్ను లేదు. పట్టుకునే అధికారికి కూడా కనిపించేది టైరు వెడల్పూ బంపరు మెరుపే. బ్రేకు గొట్టం ఎంత బిగువుగా ఉందో వంగి చూసే అధికారి నాకైతే ఇంతవరకు తారసపడలేదు.

పోటీల వాళ్లు దీనికి తమదైన దారి వెతుక్కున్నారు. మలేషియాలో 1997లో పుట్టిన రెయిన్‌ఫారెస్ట్ ఛాలెంజ్ 2014లో గోవాకు వచ్చింది. వర్షాకాలపు బురదలో, నిట్టనిలువు గట్ల మీద జరిగే ఇలాంటి పోటీలకు తయారైన బండ్లు రోడ్డు మీద నడవవు, లారీల మీద వెళతాయి. అది నిజాయితీగల పరిష్కారం, కానీ లారీ అద్దె భరించగలిగినవాళ్లకే. మన జిప్సీ యజమాని సోమవారం అదే బండిలో ఆఫీసుకు వెళ్లాలనుకుంటున్నారు.

సాయంత్రానికి చక్రాలు బిగించారు. మెకానిక్ ఒక ముందు చక్రం కింద జాకీ పెట్టి మడ్‌గార్డు తాకేదాకా లేపారు. రెండో చక్రం కిందికి వేలాడింది. ఆయన బండి కిందికి దూరి, బ్రేకు గొట్టం మీద వేలు పెట్టి, వదులు ఉందని తలూపారు. తర్వాత యజమానిని సీట్లో కూర్చోబెట్టి స్టీరింగ్ ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పమన్నారు. కుడి వైపు సాఫీగా తిరిగింది. ఎడమ వైపు చివర్లో ఎక్కడో ఉక్కు ఉక్కును రాసుకున్న చప్పుడు. సన్నగా, ఒక్కసారే. వాకిట్లో నిలబడ్డ నాకు వినిపించలేదు, ఆయనకు వినిపించింది. టార్చి వేసి చూస్తే కడ్డీ చివరి నట్టు కమాను అంచును ముట్టుకుంటోంది. దారానికీ దారానికీ మధ్య ఉండేంత సందు కూడా లేదు. యజమాని గడియారం చూసుకుని, ఫర్వాలేదు, అంత చివరిదాకా ఎవరు తిప్పుతారు అన్నట్టు నవ్వారు. మెకానిక్ జవాబు చెప్పకుండా స్పానరు అందుకున్నారు.